ఒక్క మాట జవాబు

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మేనేజర్ని. నాకు ఎవరు ఏం రాసినా నా జవాబు ఒకటే: "గమనించాము." లోడు ఆలస్యమైనా అదే, మిషను ఆగిపోయినా అదే.

పూతలపట్టు నుంచి వచ్చి ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి రోజు సాయంత్రమే నాకు పొడుగాటి మెయిలు పెట్టింది. ఫ్యాక్టరీ అంతా చూసిందట, చాలా సంతోషంగా ఉందట, నా దగ్గర పని నేర్చుకోవాలని ఉందట. ఇంత హుషారెందుకమ్మా అని విసుక్కుంటూ అలవాటు జవాబే పంపేశాను.

మర్నాడు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"సార్, నేనేమన్నా తప్పుగా రాసినానా?"

"తప్పేముండాది? జవాబిచ్చినాను కదమ్మా!"

"అది కాదు సార్. మా వీధి కొళాయికి నీళ్లు రాలేదని మా నాయన అర్జీ పెడితే పంచాయతీ వాళ్లు ఇట్లే రాసినారు. ఈ పొద్దుటికీ నీళ్లు రాలే."

నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది, ఆమె మీద కాదు, నా మీదే. ఆమె వెళ్లాక చాలాసేపు టైపు చేసి, చెరిపి, చివరికి ఇలా రాశాను: "మీరు రావడం మాకూ సంతోషం. రేపు తోతాపురి మామిడికాయల మొదటి లోడు దిగుతుంది. పొద్దున్నే రండి, దగ్గరుండి చూపిస్తాను."

నిమిషంలో అద్దం తలుపు అవతల ల్యాబులోంచి ఆమె నవ్వు వినిపించింది. ఆ వెనకే జవాబు వచ్చింది: "గమనించినాము సార్."