హుస్సేన్‌బీ అడిగే మాట

పక్క చేలో మా బావ పొద్దున్నే పురుగుమందు కొట్టిస్తున్నాడు. గాలి ఇటు తిరగగానే ఘాటు గొంతులో పడింది, దిగులు మొదలైంది. ఇన్నేళ్లుగా మిరప వేస్తున్నవాణ్ణి, ఈపాటికి అలవాటు పడి ఉండాల్సింది. హుస్సేన్‌బీ పడనివ్వలేదు.

ఆవిడ మా ఊరి కోతల ముఠాకు మేస్త్రి. పదిహేను మంది ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చి గట్టు మీదే ఆగేది. "మందెప్పుడు కొట్టారు?" అని అడిగేది. కొట్టి వారం కాకపోతే ముఠా మొత్తం వెనక్కి తిరిగేది. రైతులకు ఒళ్లు మండేది. కూలికొచ్చిన మనిషికి ఈ ఆరాలెందుకని నేనూ విసుక్కునేవాణ్ణి.

ఒక ఏడు కాయ పండి కోతకొచ్చాక మబ్బు పట్టింది. తడిస్తే రంగు పోయి తాలవుతుంది, ధర రాదు. అప్పటికి ముందురోజు సాయంత్రమే మందు కొట్టించి ఉన్నాను. ఆవిడ అడిగితే ఆకాశం వైపు చూస్తూ, పది రోజులైందని చెప్పాను. నమ్మింది. తన కళ్ల ముందు పెరిగినవాణ్ణి కదా. మధ్యాహ్నం అన్నాలు తిన్న కాసేపటికి ఆవిడ కోడలు గట్టు మీద వాంతులు చేసుకుని పడిపోయింది. ఆటోలో గుంటూరు తీసుకెళ్లాం. మూడు రోజులకు గానీ తేరుకోలేదు. చివరికి ఆసుపత్రి వరండాలో ఆవిడకు నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అడిగింది.

"ఎక్కడో దేశాలోళ్లు తింటారని కాయకి మందు పరీక్షలు చేయిస్తారంట గదా అబ్బాయ్. కోసే చేతికి ఎవరు చేయిస్తారు?"

అందరూ కొట్టి కోయిస్తున్నారు, నేనొక్కణ్ణి ఆగితే ఏమవుద్దత్తా అని గొణిగాను.

"అందర్నీ అనట్లా. నిన్నంటన్నా."

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు కోతలకు దూరం నుంచి వలస వచ్చే ముఠాలే దిక్కు. అడిగితే పని పోతుందని వాళ్లు ఏమీ అడగరు. అందుకే నేనే ముందు చెబుతాను. నిన్న, కిందటి కోతకు వచ్చిన ముఠా మేస్త్రి ఫోన్ చేస్తే, మొన్ననే మందు కొట్టాం, వచ్చే వారం రమ్మన్నాను. నా వంతు అయిపోయిందని హాయిగా నిద్రపోయాను కూడా.

ఇప్పుడు బావ చేను గట్టు దగ్గర ఆటో ఆగింది. దిగుతున్నది నేను రావద్దన్న ఆడవాళ్లే. ఈ కొస ఇంకా మందు కొడుతూనే ఉన్నారు, ఆ కొస వాళ్లు కొంగులు బిగిస్తున్నారు. వెళ్లి అడ్డం పడితే బావతో మాటలు పోతాయి. నా చేనుకు నీళ్లు ఆయన బోరు నుంచే వస్తాయి. ఎండాకాలం ఇంకా ముందుంది.

అయినా ఆ గట్టు వైపు నడిచాను. హుస్సేన్‌బీకి భయమే తెలియదనుకునేవాణ్ణి. పదిహేను ఇళ్ల కూడు వెనక పెట్టుకుని, ఆవిడ రోజూ ఇదే భయంతో అడిగి ఉంటుంది.