అందరూ చూసిన మెసేజ్

కరోనా తర్వాత హాస్టళ్లు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను మా యూనివర్సిటీ మహిళా హాస్టల్‌కు వార్డెన్‌గా వేశారు. నేను కామర్స్ అసోసియేట్ ప్రొఫెసర్‌ని. వార్డెన్ పని అదనపు బాధ్యత. తార్నాకలోని మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం.

అప్పటిదాకా అక్కడొక పద్ధతి ఉండేది. అంతస్తుకొక ఫ్లోర్ రిప్రజెంటేటివ్‌ను అమ్మాయిలే ఎన్నుకునేవారు. ఆమె రోజూ పొద్దున రిజిస్టర్ పట్టుకుని గది గదికీ వెళ్లి సంతకాలు తీసుకునేది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు అలిగి పడుకున్నా ఆమెకు తెలిసేది. నాకది దండగ పనిగా కనిపించింది. రిజిస్టర్‌నూ ఫ్లోర్ రిప్రజెంటేటివ్‌లనూ ఎత్తేస్తూ ఆర్డరు ఇచ్చి, హాస్టల్ మొత్తానికీ ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టించాను. పొద్దున పేరు టైప్ చేస్తే హాజరు పడ్డట్టే. అన్ని హాస్టళ్ల మీదా ఉండే చీఫ్ వార్డెన్ మీటింగులో నన్ను మెచ్చుకున్నారు.

ఆ వానాకాలం ఒక సోమవారం, పొద్దున పది గంటలకు, స్వరూప అనే ఎమ్మెస్సీ అమ్మాయి గ్రూపులో రాసింది. నిన్నటి నుంచి జ్వరం, రూమ్మేట్ ఊరెళ్లింది, లేవలేకపోతున్నాను, ఎవరైనా హెల్త్ సెంటర్‌కు తీసుకెళ్తారా అని. ఒకరు అంబులెన్స్ నంబరు పెట్టారు. ఒకరు బొప్పాయి ఆకు రసం తాగమన్నారు. ఆ కింద దండం పెడుతున్న చేతుల బొమ్మలు వరుసగా. క్లాసుకు వెళ్తూ నేనూ చూశాను. దగ్గర్లో ఉన్నవాళ్లు వెంటనే తీసుకెళ్లండని రాసి, ఫోన్ బ్యాగులో పడేశాను. చెప్పాను కాబట్టి జరిగిపోతుందనుకున్నాను.

మూడింటికి మా అటెండెంట్ యాదమ్మ ఊడ్వడానికి వెళ్లి ఆ గది తలుపు తోసింది. ఆమెది బటన్ ఫోన్, గ్రూపులో లేదు.

"మేడమ్, పిల్ల కింద పడి ఉన్నది. పిలిస్తె పలుకుతలేదు. జల్ది రాండ్రి" అంది ఫోన్‌లో.

డెంగ్యూ. వారం రోజులు ఐసీయూలో ఉంది. పక్క గదుల అమ్మాయిలను విడివిడిగా పిలిచి అడిగాను. ఎవరో ఒకరు వెళ్లే ఉంటారనుకున్నామని అందరూ చెప్పారు. ఎవరూ అబద్ధమాడలేదు. నేను అనుకున్నదీ అదే.

వార్డుకు మార్చాక చూడ్డానికి వెళ్లాను. స్వరూప నెమ్మదిగా మాట్లాడింది.

"ఎవరెవరు చూసిన్రో పేర్లు కనవడుతనే ఉన్నయ్ మేడమ్. మీ పేరు గూడ. ఎవరన్న వస్తరని తలుపు దిక్కే చూసుకుంట పన్న."

ఆమె మళ్లీ చదువుకు రాలేదు. వాళ్ల నాన్న వచ్చి, సంతకం పెట్టి పెట్టె తీసుకెళ్లాడు.

తప్పు నాదేనని చీఫ్ వార్డెన్‌కు రాతపూర్వకంగా ఇచ్చాను. గ్రూపులో అడ్మిన్‌ల సంఖ్య పెంచాలని రాసి ఫైలు మూసేశారు. నేను రిజిస్టర్ మళ్లీ పెట్టాను గానీ, గది గదికీ తిరగడానికి ఏ అమ్మాయీ ముందుకు రాలేదు. తలుపు కొడితే ఇప్పుడు చిరాకు పడతారన్నారు. రెండు నెలలకు అదీ ఆగిపోయింది.

గ్రూపులో పెట్టిన కబురు అందరికీ చేరుతుంది. వెళ్లి చూడాల్సింది ఫలానా మనిషి అని ఉంటేనే ఎవరైనా వెళ్తారు. మా హాస్టల్‌లో అలాంటి మనిషి ఉండేది. ఆమె అక్కర్లేదని ఆర్డరు మీద సంతకం పెట్టింది నేను.