కార్బన్ పొడి, తెల్ల చీర

మొన్న ఆదివారం చర్చిల నా భార్య సునీత పాడే పాట సగంల ఆగిపోయింది. మైకు పాడైందని కొందరు, గొంతు పట్టిందని కొందరు అనుకున్నరు. అసలు సంగతి మీకు చెప్తా, కాని మా సంఘంల ఎవ్వరితోని అనకుండ్రి.

నేను పటాన్‌చెరుల ఒక ప్లాస్టిక్ కంపెనీల క్వాలిటీ చూస్త. సెలవు దొరికితె ఒక్కటే పిచ్చి, ఇంజిన్ లేని చిన్న చిన్న బొమ్మ విమానాలు, గ్లైడర్లు, చేసి ఎగిరేసుడు. పోయినసారి కొల్లూరు దిక్కు నా గ్లైడర్ బరువెక్కువై రాయి లెక్క పడ్డది. దోస్తులు ఒకటే నవ్వుడు. ఈసారి కార్బన్ ఫైబర్ రెక్కలు చేసి తీరాలె అనుకున్న. నల్లటి కార్బన్ గుడ్డకు ఎపాక్సీ జిగురు పూసి, అచ్చుల పెట్టి, గట్టిపడ్డంక తీసిన. ఇగ అంచులు గీకి పలచగ చేసుడొక్కటే మిగిలింది.

మా కంపెనీల రాకేష్ అని బీహారాయన ఉన్నడు. ఇంతకుముందు ఫైబర్ పని చేసిండు. నీళ్లు పెట్టుకుంటనే గీకాలె భయ్యా, ఉత్తగ గీకితె ఆ పొడి సూదుల లెక్క ఒంట్ల దిగుతదని హిందీల రెండుసార్లు చెప్పిండు. తలూపిన. కాని మర్నాడు సాయంత్రమే దోస్తులతోని ఎగిరేసుడు పెట్టుకున్న. శనివారం మధ్యాహ్నం సునీత పాట ప్రాక్టీసుకు పోయింది, ఆమె వచ్చేలోపల పని అయిపోవాలె. నీళ్లు పెట్టుకుంట కూసుంటె ఎప్పటికయితది? మాస్క్ కట్టుకోని, కిష్టారెడ్డిపేటల మా ఫ్లాట్ బాల్కనీల కూసోని, ఎమరీ పేపర్ తోని రెండు గంటలు ఉత్తగనే గీకిన. రెక్క అంచు ఆకు లెక్క వచ్చింది. నేను బొగ్గుల బస్తా లెక్క అయిన.

సునీత చూస్తె ఊకోదు. జల్దీ జల్దీ బాల్కనీ కడిగి, స్నానం చేసి, విడిచిన బట్టలు వాషింగ్ మెషిన్ల పడేసిన. అండ్ల అప్పటికే ఆదివారానికని ఆమె తెల్ల చీర, జాకెట్టు, నా తెల్ల ప్యాంటు, అంగి ఉన్నయి. నీళ్లల్ల అంత కొట్టుకపోతది కదా అని బటన్ నొక్కిన. తీసి చూస్తె ఒక్క మరక లేదు. నా తెలివికి నేనే మురిసిపోయిన.

మర్నాడు చర్చిల కూసున్న పది నిమిషాలకు తొడల కాడ మొదలైంది. ముందుగాల చీమనుకున్న. జెరసేపటికి చీమల పుట్టనే అనిపించింది. రాకేష్ మాట అప్పుడు యాదికొచ్చింది. లేచి పోదామంటె సునీత పాట మొదలైతున్నది, మూడు నెలల సంది నేర్చుకున్న పాట. పాట అయ్యేదాక గోకొద్దని పట్టుబట్టిన. పండ్లు బిగబట్టి, రెండు చేతుల బెంచీ పట్టుకున్న. కండ్లల్లకెళ్లి నీళ్లు కారుతున్నయి.

రెండో చరణంల సునీత చెయ్యి మెడ మీదికి పోయింది. ఆ తర్వాత భుజం. ఆ తర్వాత నడుము. పాట ఆగింది. ఆమె తిన్నగ నా దిక్కే చూసింది. ఇరవై మంది పాటగాళ్లల్ల ఆమెకొక్కదానికే దురద, బెంచీల మీద నాకొక్కనికే. ఆమెకు లెక్క తెలిసిపోయింది.

గప్పుడే పాస్టర్ అయ్యగారు నన్ను చూసిండు. మెల్లగ దిగి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువు నీ హృదయాన్ని ముట్టినాడు నాయనా, మోకరించు" అన్నడు.

ముట్టింది హృదయాన్ని కాదని ఎట్ల చెప్పాలె? మోకరించిన. ప్యాంటు ఇంక బిగుసుకున్నది. ప్రార్థన శాన పొడుగు చేసిండు. ఆయన ఒక్కో మాటకు నేను ములిగితె, చుట్టున్నోళ్లు ఆమెన్ అన్నరు.

బయటికొచ్చినంక సునీత ఒక్కటే అడిగింది. "నా చీర తోని ఏమేసి ఉతికిన్రు?"

అంత చెప్పిన.  ఇంటికి పోయి సాయంత్రం దాక ఒకరి ఒంటి మీద ఒకరం సెల్లోటేపు అతికిచ్చి ఆ పొడి పీకుడే పని. గ్లైడర్ ఎగిరేసేటానికి దోస్తులే పోయిన్రు.

చీకటి పడంగ అయ్యగారు ఫోన్ చేసిండు. నాలో వచ్చిన మార్పు గురించి వచ్చే ఆదివారం అందరి ముందట సాక్ష్యం చెప్పాలన్నడు. పక్కన సునీత, చెప్తా అను, ఉన్నదున్నట్టు చెప్పు అని సైగ చేసింది. సరే అన్న. సాక్ష్యం ఎట్లైన నిలబడే చెప్పాలె కదా. కూసోని చెప్పుమంటె మాత్రం నాతోని కాదు.