రీలు చుట్టుకోని ఆదివారం

మా ఆయన్ని వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "ఇంకొక్కటి గారు" అంటారు. మా ఫొటో స్టూడియోలో బల్ల మీద ఎవరు కూర్చున్నా సరే, ఒక్క ఫొటోతో వదిలిపెట్టడు. "కదలకండి, ఇంకొక్కటి" అంటాడు. ఉద్యోగం దరఖాస్తు కోసం వచ్చినవాడు కూడా నాలుగు ఫొటోలు దిగి, మెడ పట్టేసి వెళ్తాడు.

అలాంటి మనిషికి ముప్పై ఆరు ఫొటోల రీలు ఏ మూలకి సరిపోతుంది? అందుకని ఒక కిటుకు కనిపెట్టాడు. అందరూ పట్టపగలే రీలు కొసని బారుగా లాగి, కెమెరాలో అవతలి పక్కనున్న కండె చీలికలో దూర్చి, రెండు చుట్లు తిప్పి మూత వేస్తారు. వెలుతురు తగిలిన ఆ కొస పనికిరాకుండా పోతుంది. ఈయన అలా కాదు. చీకటి గదిలోకి దూరి, తడుముకుంటూ, కొసని గోరంత మాత్రమే కండెకి తగిలించి మూత వేసేస్తాడు. దాంతో ముప్పై ఎనిమిది వస్తాయి. ఆ రెండు ఫొటోలకి ఆయన పడే సంబరం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

"గోరంత పట్టు జారిపోతే?" అని పోరుపెట్టి పోరుపెట్టి, చివరికి ఆ కాపలా నేనే నెత్తిన వేసుకున్నాను. ఫొటో ఫొటోకీ రీలు జరపడానికి మీట లాగినప్పుడల్లా కెమెరాకి ఎడమ పక్కనున్న గుండీ దానంతటదే తిరగాలి. తిరిగితే లోపల రీలు నడుస్తున్నట్టు. తిరక్కపోతే మన మీట మనం ఉత్తినే లాగుతున్నట్టు. ఎన్ని ఫొటోలయ్యాయో చూపే అంకెలు మాత్రం ఏమీ ఎరగనట్టు పెరిగిపోతూనే ఉంటాయి. పదహారేళ్ళుగా ఆ గుండీ నేను చూసి "ఊఁ" అన్నాకే ఆయన ఫొటో తియ్యడం. ఒక్క ఆదివారం చూడలేదు. అది నా తప్పు కాదని ముందే చెబుతున్నాను.

మా అమ్మకీ పిన్నికీ పన్నెండేళ్ళుగా మాటల్లేవు. అమ్మమ్మ పోయాక ఆవిడ కుట్టుమిషను ఎవరింటికి వెళ్ళాలన్న దగ్గర మొదలైంది. ఆ మిషను మామయ్య ఇంట్లో మెట్ల కింద పడి తుప్పు పట్టింది గానీ, వీళ్ళ పంతానికి మాత్రం చిన్న మరక కూడా అంటలేదు. ఇంతలో ఇద్దరికీ పింఛను కార్డుకి కొత్త ఫొటోలు కావలసి వచ్చాయి. మా ఆయన ఒకరికి తెలియకుండా ఒకరికి, ఇద్దరికీ ఒకే టైము ఇచ్చాడు. నాకూ చెప్పలేదు మహానుభావుడు!

స్టూడియో గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మకి మంచినీళ్ళిచ్చి, పిన్ని వైపు ఫ్యాను తిప్పి, నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే ఈయన కొత్త రీలు వేసుకుని వచ్చేశాడు. గుండీ సంగతి నాకెక్కడ గుర్తుంటుంది?

"ముందు ఇద్దరికీ కలిపి ఒకటి తీస్తానత్తయ్యా. చిన్నత్తయ్యా, మీరూ కూర్చోండి," అన్నాడు.

అల్లుడి మాట కాదనలేక చెరో చివర కూర్చున్నారు. మధ్యలో ఇంకో ముగ్గురు పడతారు. "కాస్త దగ్గరికి... ఇంకొక్కటి... ఇంకాస్త..." అని ఈయన తీస్తూ పోయాడు. ఇరవై దాటాక అమ్మ గోడ వైపు చూస్తూ, "నీ జుట్టంతా ఏమైపోయిందే?" అంది. "నీకు మాత్రం ఉందా ఏంటి?" అంది పిన్ని. ముప్పయ్యో ఫొటోకి చూస్తే ఒకరి చెయ్యి ఒకరి చేతిలో ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి.

మా ఆయన రెచ్చిపోయాడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. "చూశావా, నలభై!" అని నాకు కన్ను కొట్టాడు. నా గుండెల్లో రాయి పడింది. ఏ రీలుకీ నలభై రావు. వాళ్ళిద్దరూ వెళ్ళాక మీట లాగి చూస్తే గుండీలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. చీకటి గదిలో మూత తీశాం. రీలంతా డబ్బాలోనే భద్రంగా ఉంది. ఒక్కటంటే ఒక్క ఫొటో పడలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ వచ్చింది. "ఫొటోలు కడిగారా? నిన్న చెయ్యి పట్టుకున్నది అదేనమ్మా, నేను కాదు. ఫొటోలో చూసుకోండి."

సాయంత్రం పిన్ని ఫోను. "నేను పట్టుకున్నానని అక్క అందరికీ చెబుతోందట. నాకేం ఖర్మ? తనే పట్టుకుంది. ఫొటో రానీ, తేలిపోతుంది."

వ్యవహారం మళ్ళీ మొదటికొచ్చింది. ఆ ఫొటో లేదని తెలిస్తే ఇక వీళ్ళు ఒక బల్ల మీద కూర్చోవడం కల్ల. నాకు ఏడుపొచ్చింది.

"పోనీ విడివిడిగా తీసి అతికించెయ్యనా?" అన్నాడు మా ఆయన.

"నోరు ముయ్యండి."

"ఫొటోలు కడిగే మందు పాడైందని చెబుదామే."

"పాడైంది మందు కాదు, మీ బుర్ర! రెండు ఫొటోలకి కక్కుర్తి పడ్డానని వాళ్ళిద్దరి ముందూ మీరే చెప్పండి."

ఫొటోలు చూడ్డానికని గురువారం ఇద్దరూ వచ్చారు. మళ్ళీ చెరో చివర. ఆయన ఎదురుగా నిలబడి, ఏమీ పడని రీలు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

అల్లుణ్ణి ఇన్నేళ్ళలో పల్లెత్తు మాట అనని అమ్మ లేచింది. "ఇంకొక్కటి, ఇంకొక్కటి అని నా నడుం విరగ్గొట్టి, ఒక్కటీ తియ్యలేదా?"

"నవ్వండి నవ్వండి అని నా కట్టుడు పళ్ళు వదులు చేసేశాడక్కా!" అని పిన్ని అందుకుంది.

ఒకరు ఆగితే ఒకరు, అరగంట దులిపేశారు. నేను తిట్టలేక దాచుకున్నవి కూడా వాళ్ళే తిట్టిపెట్టారు. నాకు కడుపు నిండిపోయింది. ఆ ఊపులో ఇద్దరూ బల్ల మధ్యకి జరిగిపోయారు. ఆయన చేతులు కట్టుకుని, పడాల్సినవన్నీ పడ్డాడు.

చివరికి తిట్లు అయిపోయాయి. "అయితే ఎవరు ముందు పట్టుకున్నారో ఇంక తేలదన్నమాట," అంది పిన్ని.

అమ్మ కొంగు సర్దుకుంది.

"నేనే పట్టుకున్నానక్కా. నీ చేతి మీద కాలిన మచ్చ చూశాను. అదెప్పుడు కాలిందో కూడా నాకు తెలీదే అనిపించి ఆగలేకపోయాను. ఒప్పుకోడానికి సిగ్గేసింది."

మా ఆయన గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"కాదే," అంది అమ్మ. "నేనే పట్టుకున్నాను. నువ్వు లేచి వెళ్ళిపోతావేమోనని భయమేసింది."