పక్కింటి బాక్సర్ ఆఖరి పోటీ

ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో ఒక మనిషి మిట్టమధ్యాహ్నం, మెడదాకా జిప్పు పెట్టిన ప్లాస్టిక్ జాకెట్‌తో పరుగెత్తుతుంటే, మతి చలించిందేమో, ఎవరికైనా ఫోన్ చేయాలేమో అనుకున్నాను. టెక్సాస్ ఎండాకాలంలో కారు స్టీరింగ్ ముట్టుకుంటేనే చెయ్యి చురుక్కుమంటుంది. అతను ఆగి చెయ్యి దించితే జాకెట్ అంచులోంచి చెమట ధార కట్టింది. నేను నీళ్ల సీసా పట్టుకుని కిందికి దిగాను. అతను రెండు చేతులూ తొడలకు ఆనించి నడుము వంచి దండం పెట్టాడు గాని సీసా అందుకోలేదు.

ఆ సాయంత్రం అతని భార్య మా తలుపు తట్టింది. మా పక్క వాటాలోకి కొత్తగా వచ్చారు. ఆమె ఒక జపాన్ కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. కంపెనీ ఇక్కడికి పంపితే అతను ఆమె వెంట డిపెండెంట్‌గా వచ్చాడు. బరువు తగ్గించుకునే రోజుల్లో నీళ్లు తాగడని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. అతను బాక్సర్ అని కూడా చెప్పింది. ఇంట్లో ఎవరికో ఉన్న జబ్బు సంగతి చెబుతున్నట్టు నేల చూస్తూ చెప్పింది.

నేనూ ఈ దేశానికి డిపెండెంట్‌గానే వచ్చాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం దొరికేదాకా పగలంతా ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చున్నదాన్ని. అందుకేనేమో ఆ ఇద్దరితో తొందరగానే కలిసిపోయాను. పెద్దవాళ్లని మీరేమని పిలుస్తారని ఆమె అడిగితే అక్క అని చెప్పాను. అతను దానికి తమ మర్యాద తగిలించి ‘అక్కా సాన్’ అన్నాడు. అన్నాక ఇద్దరూ నవ్వారు. వాళ్ల భాషలో అమ్మని పిలిచే మాట కూడా ఇంచుమించు అలాగే ఉంటుందట.

అతని కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. అతని ఇంగ్లీషు సగం చేతులతో నడిచేది. మిగతాది ఆమె పూరించేది. ఒసాకాలో తండ్రి టాక్సీ నడిపేవాడు. వీధి చివర మేడమీద ఉన్న బాక్సింగ్ జిమ్‌లో బడి రోజుల్లోనే చేరాడు. ప్రొఫెషనల్ అయ్యాక కూడా తెల్లవారుజామున చేపల మార్కెట్‌లో ఐసు పెట్టెలు దించి, ఆ తర్వాత పరుగు, సాయంత్రం జిమ్. అక్కడ బాక్సర్ ఏదో ఒక జిమ్‌కి చెందిన మనిషి. ఎవరితో తలపడాలో జిమ్ యజమానే కుదురుస్తాడు. అలా మెట్టుమెట్టూ ఎక్కి అతను తన బరువు తరగతిలో జపాన్ ఛాంపియన్ అయ్యాడు. బెల్టు భుజాన వేసుకున్న ఫొటో ఒకటి చూపించారు. అందులో ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది, నవ్వు మాత్రం చెవులదాకా ఉంది.

తర్వాత బెల్టు పోయింది. దానికోసం మళ్లీ తలపడినప్పుడు అతన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. ఆమె ఆ రోజు ముందు వరసలో కూర్చుని ఉంది. ఆ తర్వాత ఆమె ఏ పోటీ చూడలేదు. జిమ్ యజమాని ఇక చాలన్నాడు. ఘనంగా వీడ్కోలు సభ పెట్టాడు. అక్కడ ఆనవాయితీ ఏమిటంటే, లైట్లన్నీ ఆర్పి, సూటు వేసుకున్న బాక్సర్‌ని ఒక్కడినే రింగ్‌లో నిలబెట్టి, పదిసార్లు గంట కొడతారు. ఆ సేపు హాలులో దగ్గు చప్పుడు కూడా వినిపించదు. పదో గంట మోగాక అతను నాలుగు వైపులా వంగి దండం పెట్టి దిగిపోయాడు.

దిగిపోయినవాడు టెక్సాస్‌లో మళ్లీ ఎక్కాడు. ఊరికే కూర్చోలేక దగ్గర్లోని ఒక జిమ్‌లో కొత్తవాళ్లకు నేర్పడానికి చేరాడు. అక్కడి మెక్సికన్ ట్రైనర్, అరవై దాటిన మనిషి, ఇతని ఎడమచెయ్యి చూసి చిన్న పోటీ ఒకటి ఇప్పించాడు. గెలిచాడు. ఇంకోటి గెలిచాడు. ఇప్పుడు మూడోది. అవతలివాడు ఇంతవరకూ ఓటమి ఎరగని స్థానిక కుర్రాడు. వాడి లెక్కలో ఇంకో గెలుపు వేయడానికే ఇతన్ని పిలిచారని ఆమెకి తెలుసు, ట్రైనర్‌కి తెలుసు, అతనికీ తెలుసు.

“వీడ్కోలు చెప్పించుకున్నాక మళ్లీ వెళ్లడం మంచిది కాదక్కా,” అందామె ఒకరోజు మా వంటింట్లో. “నేను ఆపితే ఆగుతాడు. ఆగాక నన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. అందుకే ఆపలేదు.”

పోటీకి ముందురోజు ఫోర్ట్‌వర్త్‌లో బరువు తూస్తారు. ట్రైనర్ ఇంకో బాక్సర్ పనిమీద ముందే అక్కడికి వెళ్లిపోయాడు. ఆమెకి ఆఫీసులో సెలవు దొరకలేదు. నేను తీసుకెళతానన్నాను. అతను దుప్పటి కప్పుకుని ముందు సీట్లో కూర్చుని, హీటర్ వేయమని సైగ చేశాడు. ఇంకా కాస్త బరువు చెమటగా, ఉమ్ముగా పోవాలి. బయట ఎండ, లోపల హీటర్. హైవే మీద నాకు కళ్లు మసకలు కమ్మాయి. అతను చూయింగ్ గమ్ నములుతూ ఖాళీ సీసాలోకి ఉమ్ముతున్నాడు. కాసేపటికి ఉమ్మడం ఆగిపోయింది. నిద్రపోయాడో, సొమ్మసిల్లాడో తెలియక, ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. మీ ఊళ్లో వాన పడుతుందా, మీ నాన్న ఇంకా టాక్సీ నడుపుతున్నాడా అని. ప్రతిదానికీ “యెస్, అక్కా సాన్” అన్నాడు. ఆ యెస్ ఒక్కోసారి ఆలస్యంగా వచ్చేది. అది వచ్చేదాకా అదే ప్రశ్న మళ్లీ అడిగేదాన్ని.

బరువు సరిపోయింది. ఇంటికొచ్చాక మా ఆయన కారు తలుపు తీసి, లోపలి వేడికి వెనక్కి తగ్గాడు.

“ఏందే ఇది, కార్‌ల పొయ్యి పెట్టినవా? రేపు గా ఫైట్‌కి గూడ పోతవా? నీకు బీపీ రైజ్ అయితే వాళ్లొచ్చి చూస్తరా?”

ఆమె ఒక్కత్తే ఎలా వెళుతుందన్నాను. ఆయన కారు మిగతా తలుపులు కూడా తెరిచి పెట్టాడు.

మరునాడు, ఇంకా ఎండ ఉండగానే, అతని పోటీ మొదలైంది. ఆమె హాలు బయట, శీతల పానీయాల మెషీన్ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. నేను లోపల చూసి, రౌండు రౌండుకీ వచ్చి చెప్పాలి. నాకు బాక్సింగ్ ఏమీ తెలియదు. పడ్డాడా లేదా అన్నది ఒక్కటే తెలుసు. మొదట్లో కుర్రాడు దూకుడుగా మీదికి వస్తుంటే ఇతను పక్కకి జరుగుతున్నాడు. అదే చెప్పాను. నాలుగో రౌండులో ఇతను పడ్డాడు. దెబ్బ నాకు కనిపించలేదు, చప్పుడు మాత్రం వినిపించింది, తడిబట్ట బండమీద కొట్టినట్టు. అతను లేవగానే పరుగెత్తుకుంటూ బయటికి వెళ్లి, పడ్డాడని ఆమెకి చెప్పాను.

“లేచాడా?”

“లేచాడు.”

“లేచాక ఎటు చూశాడు? ట్రైనర్ వైపు చూశాడా?”

నేను గమనించలేదు. మళ్లీ లోపలికి వెళ్లాను. అప్పుడు చూశాను, అతను ట్రైనర్ వైపే చూస్తున్నాడు, తల ఊపుతున్నాడు. వచ్చి ఆ మాట చెబితే ఆమె గోడ వారగా కింద కూర్చుంది. రింగ్‌లో తన ట్రైనర్ ఉన్న మూల ఎటో తెలిస్తే స్పృహలో ఉన్నట్టేనట.

ఆ తర్వాత నేను బయటికి రావడం మర్చిపోయాను. కుర్రాడు అలసిపోయాడు. చేతులు బరువెక్కి కిందికి దిగుతున్నాయి. ఇతను ముందుకు నడవడం మొదలుపెట్టాడు. పరుగు లేదు, ఆవేశం లేదు. ఎడమచేత్తో పొట్టలో ఒకటి, తల దగ్గర ఒకటి. చివరి గంట కొట్టాక రిఫరీ ఇతని చెయ్యి పైకెత్తాడు. తమ ఊరి కుర్రాడు ఓడాడని హాలంతా ఛీకొడుతూ కేకలు వేసింది. నేను ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఆమెని వెంటబెట్టుకుని డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళితే అతను నన్ను చూసి, “అక్కా సాన్, నా పోటీ ఎప్పుడు?” అన్నాడు.

హాస్యమాడుతున్నాడేమో అనుకున్నాను. అయిపోయింది, గెలిచావు అన్నాను. సంతోషంగా వంగి దండం పెట్టాడు. చేతి కట్లు విప్పుతుండగా మళ్లీ అదే అడిగాడు. ట్రైనర్ చేస్తున్న పని ఆపేశాడు. ఆమె ఏడవలేదు. అతని షూ లేసులు విప్పి, మామూలు చెప్పులు తొడిగి, అంబులెన్స్ పిలవమంది.

ఆసుపత్రిలో స్కాన్ తీసి, మెదడు పొర కింద కొద్దిగా రక్తం చేరిందన్నారు. అది పెరిగితే ఆపరేషన్, లేకపోతే లేదు. రెండో స్కాన్ వచ్చేదాకా చేయగలిగిందేమీ లేదు. ఆమె ఆసుపత్రి కుర్చీలో అతని బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెల్లవారాక నేను ఇడ్లీలు తీసుకెళితే ఒక్కటి తుంచి, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది. రక్తం పెరగలేదని డాక్టర్ చెప్పినప్పుడు కూడా ఆ ముక్క అలాగే ఉంది. అతను బతుకుతాడు, నడుస్తాడు, నేర్పుకోవచ్చు కూడా. పోటీకి మాత్రం ఇక లైసెన్స్ ఇవ్వరు.

ఇంటికొచ్చాక చీకటి గదిలో ఉండాలని, ఫోన్, టీవీ చూడకూడదని చెప్పారు. ఆ పోటీ తాలూకు వీడియో అతను చూడకూడదు. ఆమె చూడదు. అతనికి కారులో ఉమ్ముకోవడం వరకే గుర్తుంది. ఒక మధ్యాహ్నం ఆమె నన్ను పిలిచి, తెరలు వేసిన గదిలో అతని మంచం దగ్గర కూర్చోబెట్టింది.

“చెప్పండక్కా. నేనూ వింటాను.”

నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. పక్కకి జరగడం, పడటం, లేవడం, ఆ తర్వాతి నడక. అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఏ చేత్తో అని ఒకచోట ఆపాడు. ఎడమచేత్తో అన్నాను. దుప్పటి కింద అతని ఎడమచెయ్యి కదిలింది. ఆమె దానిమీద తన చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది, నేను చెప్పడం అయ్యేదాకా తీయలేదు. జనం ఛీకొట్టారని మాత్రం నేను చెప్పలేదు.

ఇప్పుడతను అదే జిమ్‌లో ఆడవాళ్ల బ్యాచ్‌కి నేర్పుతున్నాడు. బాగానే ఉన్నాడు. మా ఇంట్లో ఎవరైనా కారు తాళాలు మర్చిపోతే ఒకరినొకరు తిట్టుకుంటాం. మొన్న అతను తాళాలు ఇంట్లోనే వదిలి మెట్లు దిగి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఆమె గుమ్మంలో నిలబడి, గొంతు మామూలుగా ఉంచుకుని, పొద్దున ఏం తిన్నావని అడిగింది. చేప, అన్నం, సూపు అని అతను ఓపిగ్గా అన్నీ చెప్పాడు. సరైన జవాబేనని ఆమె ముఖం చూసి నాకు తెలిసింది.