విడదీయరాని అక్షరం

ఇటలీలోని కరారా పాలరాతి గనుల్లో పనిచేసే మగవాళ్లకు ఇల్వా టీచరు సాయంత్రం బడి నడిపేది. ముప్పై దాటినా పెళ్లి ఊసెత్తని మనిషి. మాటలను ముక్కలుగా విప్పి చూపించడమంటే మాత్రం ప్రాణం.

ఒకనాడు బోర్డు మీద 'కరికారె' అని రాసింది. బండికి ఎత్తడం. దాని ముందు ఒక్క 'స్' చేర్చింది. 'స్కరికారె', దించడం.

"అన్యాయం టీచర్ గారూ! మా నడుములు విరిగే పని, మీరు ఒక్క అక్షరంతో చేసేశారే!" అన్నాడు నెల్లో, లారీలకు రాయెత్తే ముఠాలోని మనిషి. గదంతా గొల్లుమంది.

అప్పటినుంచి అతడు కనబడిన ప్రతి మాటకూ 'స్' తగిలించి ఆమెకు వినిపించేవాడు. కుదిరితే ఆమె మెచ్చుకునేది, కుదరకపోతే నవ్వేది. బడి ఉన్న రోజుల్లో చెల్లెలు జడ మరీ శ్రద్ధగా వేసుకుంటోందని ఇంట్లో ఇల్వా అక్క అర్జియా కనిపెట్టింది.

వసంతంలో ఒక సాయంత్రం బడి వదిలాక నెల్లో మెట్ల దగ్గర ఆగాడు. చేతిలో టోపీ నలిగిపోతోంది.

"'పొసారె' అంటే కింద పెట్టడం కదండీ? ముందు 'స్' పెడితే 'స్పొసారె', పెళ్లాడటం. అంటే, కింద పెట్టేసినదాన్ని మళ్లీ ఎత్తుకోవడమే గదా? మా అమ్మ పోయినప్పటినుంచి నన్నూ ఎవరో ఓ మూల పెట్టేసినట్టుంది. మీరు గనక..."

"కాదు నెల్లో," అంది ఇల్వా అలవాటు కొద్దీ. "అక్కడ 'స్' ఉపసర్గ కాదు, ధాతువులోనిదే. విడదీస్తే తప్పు."

అతడి ముఖం ఎర్రబడింది. "తప్పేనండీ," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

సగం దారి నడిచాక గాని అతడు అడిగిందేమిటో ఆమె బుర్రకెక్కలేదు.

"పెళ్లాడతావా అంటే వ్యాకరణం దిద్దొచ్చావా? ఒసే మొద్దూ! పొద్దున్నే వెళ్లి సరేనని చెప్పిరా," అంది అర్జియా.

"నేను వెళ్లడమేంటక్కా, టీచర్ని! అతనే వచ్చి మళ్లీ అడుగుతాడులే."

అడగలేదు. బడికే రాలేదు. కొండకవతల వేరే గనిలో చేరాడనీ, అక్కడే పెళ్లి చేసుకున్నాడనీ తర్వాత తెలిసింది. ఇల్వాను మళ్లీ ఎవరూ అడగలేదు; అడిగినా ఆమె వినేది కాదు.

జుట్టు నెరిశాక ఒక ఉదయం చేపల అంగట్లో అతడు ఎదురయ్యాడు. పక్కన మనవరాలు.

"బుజ్జీ, నాకు చదువు చెప్పింది ఈ టీచరమ్మే," అన్నాడు సంబరంగా. "ఇప్పటికీ రోజూ పేపరు చదువుతానండీ."

ఏళ్లుగా లోలోపల అప్పజెప్పుకున్న మాట ఆమె గొంతులోకి వచ్చింది. "నెల్లో, ఆ రోజు నేను..."

"అబ్బే, ఎప్పటి మాటలో, వదిలెయ్యండి." నవ్వేశాడు. పాప చెయ్యి లాగితే వెళ్లిపోయాడు.

ఏం కొంటోందో చూసుకోకుండా ఇల్వా నెత్తళ్లు సంచీ నిండా కొనేసింది. ఇంటికెళితే తిట్టడానికి అర్జియా కూడా లేదు.