కొండవాలు మీద రక్తపింజరి

ఆదివారం మా ఇంట్లో టీవీ పెట్టం. ఆ నియమం నాదే. ఒక వారం మాడుగుల దాటి కొండల్లోకి వెళ్తే, ఇంకో వారం సముద్రం ఒడ్డుకి. మా ఆయనది అనకాపల్లిలో బ్యాంకు ఉద్యోగం. సెలవు దొరికితే పడుకుందామనుకునే మనిషి, అయినా కారు తీస్తాడు. పాపకి పదకొండేళ్లు. నాలుగో మనిషి మా అత్త. చెరకు తోటలే లోకంగా బతికింది. మావయ్య పోయాక చోడవరంలో మా దగ్గరికి వచ్చేసింది. "అడివిలో ఏటుంటాది సూడ్డానికి?" అని మొదట్లో సణిగేది. ఓసారి కొండ మీద పిల్లి అంత ఉడుత ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకి దూకడం చూసింది. అప్పట్నించీ మాకంటే ముందు కార్లో కూర్చుంటోంది.

ఆ డిసెంబరు ఆదివారం సముద్రానికి వెళ్లాం. జాలర్ల ఊరి దగ్గర కారు ఆపి, ఇసుకలో చాలా దూరం నడిచాం. ఇసుక అయిపోయిన చోట ఒక చిన్న కొండ సముద్రంలోకి చొచ్చుకుని ఉంది. దాని అంచునున్న రాళ్ల మీదుగా అవతలికి దాటితే, ఎవరూ రాని చిన్న ఒడ్డు. రాళ్ల మధ్య నిలిచిన నీళ్లలో శంఖాలు నడుస్తున్నాయని పాప కేక పెట్టింది. లోపల పీతలున్నాయి. అత్త ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, అది కాళ్లు బయటికి పెట్టేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. తెచ్చుకున్న దిబ్బరొట్టె తిని, కబుర్లలో పడిపోయాం.

తిరిగి బయలుదేరేసరికి మేం దాటొచ్చిన రాళ్లు కనబడలేదు. సముద్రం పోటు మీదుంది. కెరటాలు కొండని కొట్టి మనిషెత్తున లేస్తున్నాయి. మేం నిలబడ్డ ఇసుక కూడా సన్నబడుతోంది.

"నీళ్లు తగ్గేదాకా ఆగుదాం," అన్నాడు మా ఆయన. ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. సిగ్నల్ లేదు.

"తగ్గేలోపు ఈ ఇసుక ఉండదు," అన్నాను.

వెనక్కి తిరిగి కొండవాలు చూశాను. ఎర్రమట్టి, ముళ్లపొదలు. పొదల మధ్య సన్నటి బాట, దాని మీద మేకపెంటికలు. పైన జీడితోట అంచు కనబడుతోంది. తోట ఉందంటే అవతల ఊళ్లోకి దారి ఉంటుంది.

"మేకలు ఎక్కిన దారి. మనమూ ఎక్కగలం."

"అమ్మ ఎక్కగలదా?" అన్నాడు మా ఆయన.

"నానెక్కలేనని నీకెవుడు సెప్పేడ్రా?" అంది అత్త, చీర కుచ్చిళ్లు పైకి దోపుతూ.

ఒక ఎండుకర్ర విరిచి నేను ముందు నడిచాను. నా వెనక అత్త, ఆవిడ వెనక పాప, చివర మా ఆయన. సగం దూరం ఎక్కాక, విజిల్ రాబోయే ముందు కుక్కర్ బుసకొట్టినట్టు చప్పుడైంది. చెయ్యెత్తి అందర్నీ ఆపాను.

బాట మీద ఎండ పడే చోట చుట్టలు చుట్టుకుని రక్తపింజరి. లావుగా, ముదురు మచ్చలతో. ఇంకో నాలుగడుగులు వేసుంటే కాలు దాని మీదే పడేది.

"పింజరే! రాయట్టుకోరా!" అని అరిచింది అత్త.

"కొట్టొద్దు మామ్మా!" అని పాప ఏడుపు మొదలెట్టింది.

ఈ పాము అత్తకి కథల్లోది కాదు. చెరకు నరుకుతుంటే ఇలాంటిదే ఆవిడ మరిదిని కరిచింది. ప్రాణం దక్కింది గానీ, పాదం తీసేశారు. ఆ రోజు ఆయన్ని మంచం మీద మోసుకెళ్లిన వాళ్లలో ఈవిడా ఉంది.

"రాయి వద్దత్తా. కొడితే మీదికొస్తుంది. అందరూ మెల్లగా రెండడుగులు వెనక్కెయ్యండి. తర్వాత కదలొద్దు," అన్నాను. నా గొంతు స్కూల్లో పిల్లలకి లెక్క చెప్పేటప్పటిలాగే పలికింది. భయం వేసింది, కానీ ఏం చెయ్యాలో తెలుసు.

అత్త నా చున్నీ కొస పట్టుకుంది. చెప్పినట్టే నిలబడింది. కింద కెరటాలు మోగుతూనే ఉన్నాయి. చాలాసేపటికి బుస ఆగింది. చుట్టలు ఒక్కొక్కటే విప్పుకుని, ఏ తొందరా లేకుండా, పాము పొదలోకి వెళ్లిపోయింది.

ఇంకాసేపు ఆగి, కర్రతో నేలని గట్టిగా కొట్టుకుంటూ, ఆ పొదకి దూరంగా చుట్టుతిరిగి పైకి చేరాం. జీడిచెట్టు నీడలో అత్త కూలబడి, కొంగుతో ముఖమంతా తుడుచుకుంది.

"పాముని సూసి సంపకండా ఇడిసిపెట్టడం ఇదే," అంది. చెయ్యి చాచి, "పోన్లే, దాని దారిన అదెల్లిపోయింది. నీల్లియ్యి," అంది.

పైనుంచి చూస్తే మేం రొట్టె తిన్న ఒడ్డు మీద నురగ తప్ప ఇంకేం లేదు. మా ఆయన దాన్నలాగే చూస్తూ నిలబడి, నా చేతిలో సంచీ తీసుకున్నాడు. తోటలోంచి బండిబాట దొరికింది. అది పట్టుకుని ఊళ్లోకి దిగి కారు చేరాం.

ఇంటికొస్తుంటే పాప అత్త ఒళ్లో నిద్రపోయింది. "ఇంకోసారి పోటు ఎప్పుడో కనుక్కుని బయల్దేరదాం," అన్నాడు మా ఆయన. ఇంకోసారి అన్న మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు.

"వొచ్చే ఆదివారం ఎటేపు?" అని వెనక నుంచి అత్త అడిగింది.

"చీడికాడ వైపు కొండల్లోకి," అన్నాను.

"ఆ కొండల్లో ఎలుగులుంటాయంటారు కదే?"

"ఉంటే ఉంటాయి. చప్పుడు చేసుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి."

అత్త కిటికీలోంచి చెరకు తోటల వైపు చూసింది.

"అయితే పెందరాలే లెగాల," అంది.